టర్నరయ్యకు వినబడిన మాటలు

మాకు కారు అమ్మిన పెద్దాయన పోయారు. ఆ కబురు నాకు బడిలో, రెండో పీరియడ్ అయ్యాక, స్టాఫ్ రూములో టీ చల్లార్చుకుంటూ ఉండగా వచ్చింది. ఫోన్ చేసింది ఆయన కూతురు. "అక్కా, గణపతినించి మాట్లాడతా ఉండాను. నాయన పొయ్యినారు. పొద్దన్నే కాఫీ తాగి పండుకున్నారు, మళ్ళీ లెయ్యలే," అంది. ఫోన్ పెట్టేసింది.

గణపతి అంటే కోయంబత్తూరులో లేతు షెడ్లు వరసగా ఉండే పేట. ఎనిమిదేళ్ళుగా మూడు నెలలకోసారి నేను ఆ వీధికి వెళ్తున్నాను. ఆ ఎనిమిదేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ నాతో ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. వాళ్ళు తమిళులనే నేను అనుకున్నాను. ఇప్పుడు ఆ అమ్మాయి ఏడుస్తూ అన్న నాలుగు మాటలూ అచ్చం మా ఇంట్లో మాటల్లా ఉన్నాయి.

చెప్పడానికి సిగ్గుగానే ఉంది గాని, నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. కారు కొన్న రోజున ఆయన ఎదుటే నిలబడి, ఆయన చావు గురించి తెలుగులో ఒక మాట అన్నాను. ఆయనకు తెలియదన్న ధైర్యంతో అన్నాను. ఆయనకు తెలుసని, ఆయన పోయిన రోజున నాకు తెలిసింది.

చదివేవాళ్ళకు మా ఇళ్ళ సంగతి కాస్త చెప్పాలి. మాది మదురై పక్కన వాడిపట్టి. ఎన్ని తరాల కిందట ఇటు వచ్చామో ఎవరికీ సరిగ్గా తెలియదు. బడిలో తమిళం, బజారులో తమిళం, గుడిలో తమిళం. నేను పిల్లలకు సైన్సు చెప్పేదీ తమిళంలోనే. తెలుగు ఇంట్లో మాట్లాడతాం, ఇంటి బయట ఒకే ఒక్క పనికి వాడతాం. ఆ పని బేరం. మా అమ్మ మదురైలో చీరల కొట్టుకు వెళ్తే, తమిళంలో "ఈ అంచు ఏమీ బాగాలేదండీ" అని కొట్టువాడితో అంటుంది, అదే గుక్కలో తెలుగులో "ఇదే తీసుకుందాము, లేచి పొయ్యేటట్ల నటించు" అని నాతో అంటుంది. మా వాళ్ళందరికీ ఈ విద్య చిన్నప్పుడే అబ్బుతుంది. కోయంబత్తూరులో రాయి విసిరితే ఏదో ఒక తెలుగు ఇంటి మీద పడుతుందని తెలిసి కూడా, బేరం మొదలుపెట్టగానే ఎదుటివాడు తప్పకుండా తమిళుడే అయి ఉంటాడని నమ్మడం మాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదన్నది ఇక్కడ అక్కర్లేని సంగతి. నలభై నాలుగో ఏట కారు కొనుక్కోవాలనిపించింది. అందరిలాగా తెల్లటి కొత్త కారు కొనుక్కోమని మా తమ్ముడు చెప్పాడు. వాడు మదురైలో మోటారు విడిభాగాల కొట్లో పని చేస్తాడు కాబట్టి ఈ విషయంలో తన మాటే చెల్లాలని వాడి ఉద్దేశం. నాకు మాత్రం పాత కారు మీద మనసు. ఒకప్పుడు బొంబాయిలో నలుపూ పసుపూ వేసుకుని టాక్సీలుగా తిరిగిన జాతి చూడండి, గుండ్రటి దీపాలు, పొట్టి ముక్కు, నాలుగు తలుపులు, అది. చిన్నప్పుడు మా ఊరి డాక్టరు అలాంటి కారులో వచ్చేవాడు. ఆ కారు ఆగిన ఇంట్లో ఎవరో ఒకరు బతికేవారు, అందుకని దాని మీద నాకు మంచి అభిప్రాయం.

అలాంటిది ఒకటి కోయంబత్తూరులో ఉందని మా తమ్ముడే కనిపెట్టాడు. పైకి పాత కారు, లోపల అంతా కొత్తదట. పంపుసెట్ల ఫ్యాక్టరీలో టర్నరుగా, అంటే లేతు మిషను మీద ఇనుము కోసే పనిలో, రిటైరైన ఒకాయన సొంతంగా చేసుకున్నాడట. టర్నరయ్య అంటే ఆ పేటలో అందరికీ తెలుసట. ఒక శనివారం ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం.

ఇంటి పక్కనే రేకుల షెడ్డు. అందులో ఒక పాత లేతు, దాని పక్కన కారు. మామిడి పిందె రంగు. ఖాకీ చొక్కా వేసుకున్న సన్నటి ముసలాయన బానెట్ ఎత్తి, ఇంజిను నడుస్తూ ఉండగా దాని మీద స్టీలు టంబ్లరులో నీళ్ళు పెట్టారు. నీళ్ళు కొంచెం వణికాయి, ఒలకలేదు. మా ఇద్దరి మొహాలూ చూశారు.

తర్వాత తమిళంలో చెప్పడం మొదలుపెట్టారు. పాత ఇంజిను తీసేసి తర్వాతి కాలపు చిన్న కారు ఇంజిను పెట్టారు. దానికి గేరుబాక్సు కూడా మారింది. స్టీరింగు పక్కన కర్రలా ఉండే గేరు పోయి, కింద అయిదు గేర్లు వచ్చాయి. కొత్త ఇంజిను పాత ఒంట్లో కూర్చోవడానికి కావలసిన ఇనుప పలకలన్నీ ఆ లేతు మీద తనే కోసుకున్నారు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు. చేసిన మార్పులన్నీ ఆర్‌సీ బుక్కులో ఎక్కించి ఉన్నాయి, చూపించారు. ఇన్ని చేసి, బయట మాత్రం ఒక్క కొత్త మేకు కనబడనివ్వలేదు. "మార్పు చేతికి తెలియాలి, కంటికి తెలియకూడదు," అన్నారు. ఆయన మాటల్లో నాకు గుర్తున్న మొదటిది అదే.

నేను నా పాత్ర మొదలుపెట్టాను. రంగు వెలిసిందన్నాను. తలుపు చప్పుడు చేస్తోందన్నాను. ఇంత పాత బండికి రేపు ఏదన్నా అయితే ఎక్కడ తిరగాలన్నాను. ఇదంతా తమిళంలో. తమ్ముడి వైపు తిరిగి తెలుగులో "నాకు ఇదే కావాల రా. దీన్ని ఇడిసిపెట్టి నేను రాను. కాని నీ మొగంలో చూపించొద్దు" అన్నాను. ఆయన బనియన్ గుడ్డ ముక్కతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. తిరుప్పూరు, అవినాశి వైపు బనియన్ కంపెనీల్లో మిగిలిన గుడ్డపేలికలు మూటలుగా వస్తాయి, అక్కడి షెడ్లన్నిటిలోనూ చేతిగుడ్డ అదే.

ధర దగ్గర బేరం ఆగింది. తమ్ముడు విసుక్కుని, "ముసలాయన దిగేటట్ల లేడక్కా," అన్నాడు. ఆ సమయానికి ఆయనకు దగ్గు వచ్చింది. ఇనుప దుమ్ము పీల్చిన వాళ్ళకు వచ్చే దగ్గు, పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. నేను నవ్వుతూ అన్నాను.

"దిగకుంటే పోనీ. ఆ దగ్గు విన్నావు గదా? నెల దాటడు. పొయ్యినంక వచ్చి వాళ్ళ బిడ్డల దగ్గర సగానికి తీసుకుందాము."

తమ్ముడు కూడా నవ్వాడు. టర్నరయ్య దగ్గు ఆగాక, "కాఫీ తెస్తానుండండి" అని తమిళంలో చెప్పి లోపలికి వెళ్ళారు. కాస్త ఆలస్యమే అయింది. లోపల ఆడగొంతు గట్టిగా ఏదో అంది, ఈయన గొంతు తగ్గించి ఏదో అన్నారు. మొగుడూ పెళ్ళాల గొడవ మనకెందుకని నేను అటు చెవి పెట్టలేదు. కాఫీ ఆయన భార్యే తెచ్చింది. టంబ్లరు నా చేతికివ్వకుండా లేతు బల్ల మీద పెట్టి, నన్ను పైనుంచి కిందికి చూసి వెళ్ళిపోయింది. ఎంత పొగరని అనుకున్నాను.

కాఫీ తాగాక, మా తమ్ముడు అడిగిన ధరకే ఆయన ఒప్పుకున్నారు. ఒక్క షరతు పెట్టారు. మూడు నెలలకోసారి కారును తన దగ్గరికే తేవాలి, బానెట్ కింద ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదు. వాడిపట్టినుంచి కోయంబత్తూరు దగ్గరేమీ కాదు. అయినా సరేనన్నాను. బస్సులో వెళ్ళినవాళ్ళం కారులో తిరిగి వస్తూ, ముసలాయన్ని దించామని దారంతా మురిసిపోయాం.

ఆ కారుతో నేను పడ్డ సంతోషం గురించి రాయకపోతే ఆయన గురించి రాసినట్టు కాదు. దిండిగల్లు దాటి, ఒట్టన్‌సత్రం దాటి, పళని కొండ కనబడేసరికి ఎండ పైకొస్తుంది. ముందు తలుపుకు అద్దం పక్కన మూడు మూలల చిన్న అద్దం ఒకటి ఉంటుంది, ఇప్పటి కార్లకు లేదు. దాన్ని వేలితో కాస్త తిప్పితే గాలి తిన్నగా మెడ మీదికి వస్తుంది. ఏసీ పెడతానని ఆయన అంటే నేనే వద్దన్నాను. ఉడుమలై దగ్గర గాలిమరల మధ్య రోడ్డు నిటారుగా పోతుంది. అక్కడ అయిదో గేరు వేస్తే ఇంజిను చప్పుడు తగ్గిపోయి, టైర్ల చప్పుడొక్కటే మిగులుతుంది. వెనక కొత్త కారువాడు హారను కొడతాడు, ముసలి బండి గదా, పక్కకు తప్పుకుంటుందని వాడి ఆశ. కొంచెం కాలు నొక్కితే వాడు అద్దంలో చిన్నబోతాడు. నా వయసుకూ ఉద్యోగానికీ తగని పని. అయినా ప్రతిసారీ చేసేదాన్ని. పెట్రోలు బంకులో ముసలి డ్రైవర్లు వచ్చి టాపు మీద అరచెయ్యి ఆనించి, "గేరు పైన లేదేమమ్మా?" అని ఆశ్చర్యపోయేవారు. వాళ్ళకు బానెట్ ఎత్తి చూపించడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

మూడు నెలలకోసారి వెళ్ళినప్పుడు ఆయన పద్ధతి ఒకటే. కారు షెడ్డులో పెట్టాక ముందు ఎవర్నీ మాట్లాడనిచ్చేవారు కాదు. ఇంజిను ఆపకుండా ఉంచమని, పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇంజినుకూ, పిడి తన చెవికీ ఆనించి కళ్ళు మూసుకునేవారు. "బండి చెప్పేది అయ్యాక మనం చెప్పాలి," అనేవారు. ఆ తర్వాత బానెట్ కింద తల పెడితే గంటదాకా బయటికి వచ్చేవారు కాదు. నేనూ, మా అమ్మా, ఒక్కోసారి తమ్ముడూ స్టూళ్ళ మీద కూర్చుని తెలుగులో మా ఇంటి పురాణమంతా విప్పేవాళ్ళం. ఆయన భార్య కాఫీ పెట్టి, తలాడించి, నోరు విప్పకుండా వెళ్ళిపోయేది.

ఆయనకు మనసులో మాట తెలిసిపోతుందని మా అమ్మ నమ్మకం. దానికి సాక్ష్యాలు కూడా ఉన్నాయి. ఒకసారి సీటు లోతుగా ఉండి మోకాళ్ళు పట్టేస్తున్నాయని అమ్మ నాతో గొణిగింది. ఆ తర్వాత వెళ్ళినప్పుడు ఆయన ముందే రెండు ఇనుప దిమ్మలు కోసి పెట్టి, అమ్మ వైపు సీటును నాలుగు వేళ్ళ ఎత్తు లేపారు. ఎవరూ అడగలేదే అంటే, "పెద్దవాళ్ళు దిగేటప్పుడు చూశాను" అన్నారు. ఇంకోసారి తమ్ముడు నా చెవిలో, "బ్రేకు ప్యాడ్లు నిజంగా మార్చినాడో, పాతవే తుడిచి పెట్టినాడో" అన్నాడు. చెవిలో అన్నాడంటే మా తమ్ముడి చెవిలో మాట పక్క వీధికి వినబడుతుంది. వెళ్ళేటప్పుడు చూస్తే వెనక సీటులో కాగితంలో చుట్టి అరిగిపోయిన పాత ప్యాడ్లు ఉన్నాయి. తమ్ముడు వాటిని తిప్పి తిప్పి చూసి మళ్ళీ కాగితంలో చుట్టాడు.

అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఇంకొకటి. అమ్మకు ఒంట్లో బాగాలేక, నేనొక్కదాన్నే కారులో తిరుగుతున్న రోజులవి. కొంచెం కోలుకుని నాతో వచ్చిన రోజు, ఆ షెడ్డులోనే అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేను పోతే నీకు ఎవరుండారు పాపా? ఒంటిగా పోతావు, దోవలో బండి నిలిచిపోతే ఎవర్ని పిలుస్తావు?" అంది. నేను కసిరాను. ఆయన బానెట్ కిందినుంచి తల ఎత్తలేదు.

తర్వాతిసారి వెళ్ళేసరికి మందపాటి గుడ్డతో కుట్టిన సంచి ఒకటి సిద్ధంగా ఉంది. జేబు జేబుకూ ఒక స్పానరు. ఆ రోజు ఆయన కారును ముట్టుకోలేదు. ఫ్యాన్ బెల్టు నాతోనే ఊడదీయించారు, నాతోనే బిగించారు. మూడుసార్లు. స్పార్కు ప్లగ్గులు నాలుగూ నాతోనే విప్పించారు. టైరు మార్పించారు. మోచేతులదాకా మసి పట్టి నేను చిరాకు పడితే, "టీచరమ్మా, మీ పిల్లలు తప్పు చేస్తే మీరు రాసి చూపిస్తారా, వాళ్ళతోనే మళ్ళీ రాయిస్తారా?" అన్నారు. ఆ తర్వాతి వేసవిలో ఒట్టన్‌సత్రం ఇవతల, మిట్టమధ్యాహ్నం, బెల్టు తెగింది. రోడ్డు పక్కన చీర కొంగు బొడ్లో దోపుకుని నేనే మార్చాను. లారీవాడొకడు సాయానికని ఆగి, చూసి, నమస్కారం పెట్టి వెళ్ళాడు. ఆ రోజు నాకు కలిగిన గర్వం డిగ్రీ వచ్చినప్పుడు కూడా కలగలేదు. ఇంటికొచ్చి అమ్మకు చెబితే, "ఆయనకు ఏదో శక్తి ఉండాది," అని ఆయన ఉన్న దిక్కుకు దండం పెట్టింది.

సైన్సు చెప్పే నాకు అనుమానం రాలేదా అని మీరు అడగవచ్చు. రాలేదు. మనకు అనుకూలంగా ఉన్న వింతను ఎవరూ పరీక్షకు పెట్టరు.

కబురు తెలిసిన రోజున నేను వెళ్ళలేదు. పబ్లిక్ పరీక్షల డ్యూటీ ఉందని చెప్పాను. డ్యూటీ ఉన్న మాట నిజమే, మార్చుకోగలిగి ఉండీ మార్చుకోలేదన్నదీ నిజమే. అమ్మకు సంగతి చెప్పేసరికి ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, ఏమేమి మాట్లాడి ఉంటిమో," అని ఎనిమిదేళ్ళ మాటలన్నీ నెమరు వేసుకుంది. మధ్యలో హఠాత్తుగా, "నా మోకాళ్ళ సంగతి అట్లనా తెలిసింది!" అంది. ఆయన శక్తి పోయినందుకు ఆమె మొహంలో కొంచెం నిరాశ కూడా కనబడింది.

అయిదో రోజున ఇద్దరం వెళ్ళాం. కారు వీధి మొదట్లోనే ఆపాను, షెడ్డు దాకా తీసుకెళ్ళడానికి మనసొప్పలేదు. ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. వచ్చినవాళ్ళు మాట్లాడుకుంటున్నది తెలుగు. వంట మనిషిని పిలిచేది తెలుగులో, పిల్లల్ని కసిరేది తెలుగులో. ఎనిమిదేళ్ళు నేను కాఫీ తాగిన ఇల్లు అది. కొత్త ఊరికి వచ్చినట్టు గుమ్మం దగ్గర నిలబడిపోయాను.

కూతురు వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. "మీ వండి వచ్చే దినమంటే మా అందరికీ నోరు కట్టే అక్కా," అంది. కారును అక్కడ వండి అనే అంటారు. "'టీచరమ్మ వచ్చినప్పుడు ఒకరూ తెలుగు మాట్లాడగూడదు' అని నాయన ఆర్డరు. మాకు తమిళం వచ్చు, సరి. అమ్మకు నోరు తెరిస్తే తెలుగే వస్తుంది. అందుకే అమ్మ మీతో ఒక్క మాటా మాట్లాడేది కాదు."

వాళ్ళమ్మ చాప మీద గోడకానుకుని కూర్చుని ఉంది. పొగరని నేను పేరు పెట్టిన మనిషి. మా అమ్మను పక్కన కూర్చోమంది. నన్ను చూసి, మొదటిసారి నాతో మాట్లాడింది.

"మీ ఇంటిపేరేమి?"

మా వాళ్ళకు కాగితాల్లో ఇంటిపేర్లు ఉండవు, తండ్రి పేరులోని ఒక అక్షరంతో సరి. కాని కొత్తవాళ్ళు తెలుగువాళ్ళని తెలిస్తే ముందు అడిగేది అదే. ఇంటిపేరు తెలిస్తే వరస తెలుస్తుంది, వరస తెలిస్తేనే ఎలా పిలవాలో తెలుస్తుంది. చెప్పాను. ఆమె వేళ్ళు మడిచి, ఎవరెవరి పేర్లో తనలో తను అనుకుని, "అట్లయితే నువ్వు మాకు కోడలు వరస. ఆయన్ని నువ్వు మామా అని ఉండాల," అంది. అంత దుఃఖంలో కూడా ఆ లెక్క తేలినందుకు ఆమెకు కాస్త తృప్తిగా ఉన్నట్టుంది.

నేను ఇంక ఆగలేకపోయాను. కారు కొన్న రోజున ఒక మాట అన్నానని చెప్పాను. ఏ మాటో కూడా, దాచకుండా, ఆ రోజు అన్నట్టే చెప్పాను. నెల దాటడు. పోయాక బిడ్డల దగ్గర తీసుకుందాం. మా అమ్మ తల దించుకుంది. "నన్ను మన్నించండత్తా," అన్నాను.

"నాకు తెలవదా? ఆ దినమే కాఫీకి లోపలికి వచ్చి చెప్పినారు గదా," అంది ఆమె. "నాకు ఒళ్ళు మండిపోయె. బయటికి వచ్చి నిన్ను నాలుగు అడుగుదామని పోతిని. చెయ్యి పట్టి నిలబెట్టినారు. 'మనమూ తెలుగే అని చెప్తే ఆ పాప తలెత్తలేదు, వండీ తీసుకోదు. తమిళంలో తిట్టి తెలుగులో దాన్నే కావాలంటా ఉండాది. నా వండిని ఇంత ఆశగా అడిగినవాండ్లు వేరే ఎవరూ లే. ఇచ్చేస్తాను' అనినారు. సరి, ఒక దినం దాచినాము. మళ్ళీ వచ్చినప్పుడు ఎట్ల చెప్పేది? అట్లనే పొయ్యె."

"కోపం రాలేదా ఆయనకు?"

"కోపమా? ఆయనకు వేడుక. మీరు వచ్చి పోతే ఆ సాయంత్రం మాకు టీవీ సీరియలే అక్కర్లే. మీ తమ్ముడు ఏమనె, మీ అమ్మ ఏమనె, అంతా నటించి చూపిస్తారు." ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. "మీ వండి హారను వినబడితే, 'నెల దాటినాను, పోయి చూపించి వస్తాను' అని షెడ్డుకు పొయ్యేవారు. ప్రతి తూరీ అదే మాట."

నేను ఏడ్చాను. మన్నించానని ఒక్క మాట అనమని మళ్ళీ అడిగాను.

"అది చెప్పాల్సింది ఆయన. ఆయన లే. ఆయన బదులు చెప్పేదానికి నేను ఎవురు?" అంది. మెత్తగానే అంది. "జరిగింది ఒకటి చెప్తాను, విను. కడా తూరి వచ్చినావే, అది."

కడా తూరి అంటే ఆఖరుసారి. మూడు నెలల కిందటి మాట. ఆ రోజు ఆయన ఖాకీ చొక్కాలో లేరు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఏదో పెళ్ళికి బయలుదేరుతున్నారనుకున్నాను. "ఈసారి అంతా మీరే చూడండి టీచరమ్మా, నేను వింటాను," అన్నారు. స్క్రూడ్రైవరు కూడా నా చేతికే ఇచ్చారు. నాకు పరీక్ష పెడుతున్నారని సంబరపడి, ఆయిలు మార్చాను, ప్లగ్గులు చూశాను, బెల్టు బిగువు చూశాను. ఒక చెయ్యి కారు టాపు మీద ఆనించి అంతసేపూ నిలబడే ఉన్నారు. ఒక్కసారి కూడా వంగలేదు. దగ్గు కూడా లేదు. మందులు బాగా పని చేస్తున్నట్టున్నాయని అమ్మతో తెలుగులో అన్నాను. అంతా అయ్యాక గేటు దాటి వీధిలోకి వచ్చారు. ఎప్పుడూ రారు, ఆ రోజు వచ్చారు.

"ఆస్పత్రిలో చెప్పేసినారు, ఇంక చెయ్యగలిగేది లేదని," అంది ఆమె. "నెలగా మంచంలోనే ఉండారు. మీరు వస్తారని తెలిసి పొద్దన్నే లేచి స్నానం చేసినారు, చొక్కా ఇస్త్రీ పెట్టమనినారు. దగ్గు రాకుండా రెండు మాత్రలు ఎక్కువ మింగినారు. నేను గేటు దగ్గర కుర్చీ వేస్తే కాలితో తోసేసినారు. 'ఆ పాప నెల అనింది. కూచోని చూపిస్తానా?' అనినారు."

కాసేపు కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పింది.

"మీ వండి మూల తిరిగేదాకా నిలబడి ఉండారు. తిరిగినంక అట్లనే కింద కూలబడిపోయినారు. నేనూ మా పాపా పట్టి లేపితిమి. ఊపిరి లే, అయినా నవ్వు. 'చూసిందా? నిలబడే ఉండానా?' అని అడిగినారు. 'ఔను, చూసింది' అంటిని."

చూశాను. మూల తిరిగే ముందు ఎప్పటిలాగే ఒకసారి అద్దంలోకి చూశాను. తెల్ల చొక్కాలో ఒక సన్నటి మనిషి, రెండు చేతులూ పక్కలకు వదిలేసి, దేన్నీ పట్టుకోకుండా, వీధి మధ్యలో నిటారుగా నిలబడి ఉన్నాడు.